ఎపిక్టెటస్సా, సెనెకానా, మార్కస్ ఆరీలియస్సా? గోదారోళ్ళకి ఎవరు పనికొస్తారు

2025 ఆగస్టు ఆఖర్లో మా మేనత్త కొడుకు ఫోన్ చేశాడు. భీమవరం అవతల రెండు చెరువులు లీజుకి తీసుకుని వెనామీ రకం రొయ్య వేశాడు. అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసిన వారం అది. కొనేవాళ్ళు కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) రేటు ఏ పూటకి ఆ పూట చెబుతున్నారట. "బావా, నువ్వేవో రోమ్ వాళ్ళ పుస్తకాలు చదివి నిమ్మకి నీరెత్తినట్టు కూర్చుంటావు కదా. వాళ్ళలో ఒక్కడి పేరు చెప్పు. టెన్షన్‌తో రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. ముగ్గుర్నీ చదివే ఓపిక నాకు లేదు" అన్నాడు.

ఒక్క పేరు నోటికి రాలేదు. ఎరువుల కొట్టుకెళ్ళి "మంచి మందు ఒకటివ్వండి" అంటే కొట్టాయన ముందు అడిగేది "దేనికండి, దోమకా, పాముపొడకా?" అనే కదా. ఈ ముగ్గురి సంగతీ అంతే. ముగ్గురూ స్టోయిక్కులనే పాత గ్రీకు, రోమన్ తత్వవేత్తల బడి వాళ్ళే, చెప్పేదీ దాదాపు ఒకటే. కానీ ఒకడు బానిసగా బతికాడు, ఒకడు కోట్లకి పడగెత్తాడు, ఒకడు సామ్రాజ్యం ఏలాడు. అందుకని ఒక్కొక్కరి గొంతు ఒక్కో రకం బాధకి అందుతుంది. ఆ రోజు బావకి ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు తలరాత సంగతి

స్టోయిక్కులంటే "ఏం జరిగినా మన కర్మ అనుకుని ఊరుకునేవాళ్ళు" అని మన దగ్గర చాలామంది అనుకుంటారు. అలా అనుకుని ముగ్గురిలో ఎవర్ని చదివినా దండగే.

ఈ బడి పెట్టిన జెనో సైప్రస్ దీవి వాడు, వర్తకుడు. సరుకుతో వెళ్తున్న ఓడ మునిగిపోతే ఏథెన్స్ చేరాడని, అక్కడే తత్వశాస్త్రంలో పడ్డాడని పాత చరిత్రకారులు రాశారు. క్రీ.పూ. 300 ప్రాంతంలో, గోడల మీద బొమ్మలున్న ఒక వసారాలో పాఠాలు మొదలుపెట్టాడు. గ్రీకులో వసారాని స్టోవా అంటారు. ఆ పేరే వీళ్ళకి స్థిరపడింది. మన మాటలో చెప్పాలంటే అరుగు మీది బడి. సరుకు మునిగినవాడు పెట్టిన బడి కాబట్టి చెరువుల వాళ్ళకి కాస్త దగ్గరి చుట్టమే అనిపిస్తుంది నాకు.

తలరాతకీ వీళ్ళు చెప్పేదానికీ తేడా నాకు పుస్తకంలో తెలియలేదు, చెరువు గట్టు మీద తెలిసింది. కొన్నేళ్ళ కిందట నేనూ రెండెకరాలు వేశాను. అరవై రోజుల పంట. ఒక రాత్రి రెండున్నరకి కరెంటు పోయింది. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్ల చప్పుడుకి అలవాటు పడ్డవాడికి ఆ చప్పుడు ఆగితే నిద్రలోనే గుండె ఝల్లుమంటుంది. జనరేటర్ దగ్గరికి పరిగెత్తాం. టిక్కు టిక్కుమంది తప్ప అందుకోలేదు. బ్యాటరీ చచ్చిపోయింది. అంతకు పది రోజుల ముందే సర్వీసు చేశానని డబ్బులు పట్టుకెళ్ళిన మెకానిక్కు ఫోన్ ఎత్తలేదు. టార్చి వేసి చూస్తే గట్టు వెంబడి నీళ్ళ పైన వేల కళ్ళు, ఎర్రగా, నిప్పురవ్వల్లాగ. ఊపిరాడక రొయ్యలన్నీ పైకొచ్చేశాయి. ఆక్సిజన్ మాత్రలు ఎన్నుంటే అన్ని చల్లాం. తెల్లారేసరికి సగానికి పైగా అడుగున తెల్లగా పడి ఉంది. మిగిలింది ఆ పూటే పట్టించి వంద కౌంటుకి ఇచ్చేశాం.

"రాసిపెట్టి ఉంది, ఏం చేస్తాం" అంది మా అమ్మ. ఆవిడ నన్ను ఓదార్చడానికే అంది. కానీ ఆ ఒక్క మాట కింద నాలుగు వేరువేరు సంగతులు ఉన్నాయి. కరెంటు పోవడం నా చేతిలో లేదు. వారానికోసారి జనరేటర్ నడిపి చూసుకోవడం నా చేతిలోదే, నేను చూసుకోలేదు. మాత్రలు చల్లడం నా చేతిలోది, చేశాను. తెల్లారాక ఆరు నెలల పాటు ఆ మెకానిక్కుని తలుచుకుని పళ్ళు నూరుకోవడం కూడా నా చేతిలోదే. అదీ మానలేదు. తలరాత అనే దుప్పటి నాలుగిటినీ కలిపి కప్పేస్తుంది. స్టోయిక్కులు దుప్పటి తీసి దేన్ని దానికి విడగొట్టమంటారు.

దెబ్బ తగిలిపోయినవాళ్ళకి ఎపిక్టెటస్

ఆ విడగొట్టే పని అందరికంటే మొరటుగా, సూటిగా నేర్పేవాడు ఎపిక్టెటస్. క్రీ.శ. 50 ప్రాంతంలో ఇప్పటి టర్కీలో ఉన్న హియెరాపోలిస్‌లో పుట్టాడు. రోమ్‌లో ఎపఫ్రొడిటస్ అనేవాడి దగ్గర బానిస. ఆ యజమాని కూడా ఒకప్పటి బానిసే, విడుదలై నీరో చక్రవర్తి కొలువులో పైకొచ్చాడు. ఎపిక్టెటస్ కుంటివాడు. తర్వాత స్వేచ్ఛ దొరికింది, పాఠాలు చెప్పాడు. డొమీషియన్ చక్రవర్తి తత్వవేత్తల్ని రోమ్ నుంచి వెళ్ళగొడితే గ్రీసులోని నికోపోలిస్ వెళ్ళి మళ్ళీ బడి పెట్టాడు. తనుగా ఏమీ రాయలేదు. అరియన్ అనే శిష్యుడు రాసుకున్న పాఠాలు ఎనిమిది సంపుటాలైతే నాలుగు మిగిలాయి. వాటి సారాన్ని చిన్న చేతిపుస్తకంగా కూడా అతనే కూర్చాడు. దాని పేరు ఎన్‌కైరిడియన్. యాభై మూడు చిన్న చిన్న భాగాలు. పంటు మీద ఏరు దాటేలోపు రెండు మూడు చదివేయొచ్చు.

మొదటి వాక్యంలోనే అసలు విషయం చెప్పేస్తాడు: కొన్ని మన వశంలో ఉన్నాయి, కొన్ని లేవు. మన అభిప్రాయం, మన పూనిక, మన కోరిక, మన అయిష్టం మన వశం. ఒళ్ళు, ఆస్తి, పరువు, పదవి మన వశం కావు. ఆస్తి, పరువు మన వశం కావనే మాట మన జిల్లాల్లో ఎవరికీ ఒక పట్టాన మింగుడుపడదు.

లంక గ్రామాల్లో ఉన్నవాళ్ళకి మాత్రం ఇది కొత్త పాఠం కాదు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదారి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకె ఎంతకి పోతుందో ఎగువన పడే వాన చెబుతుంది. ఎగువన భద్రాచలంలో కొలత వేరు, అక్కడ 1986 ఆగస్టులో 75.6 అడుగులకి వెళ్ళింది, 2022 జూలైలో 71.3కి వెళ్ళింది. లంకలో ఉన్న రైతు ఆ అంకెతో దెబ్బలాడడు. రెండో హెచ్చరిక వినపడగానే గేదెల్ని ఏటిగట్టు మీదికి తోలి, బియ్యం బస్తాలు అటక ఎక్కించి, పడవ ఎక్కడుందో చూసుకుంటాడు. ఎపిక్టెటస్ అడిగేదల్లా మిగతా విషయాల్లో కూడా అలాగే ఉండమని. గోదారితో అలా ఉండగలిగిన మనిషే వియ్యంకుడి మాటకి ఆర్నెల్లు కుమిలిపోతాడు, అదీ తమాషా.

ఆయన చెప్పిన వాటిలో మూడు నాకు బాగా పనికొచ్చాయి. ఒకటి దీపం సంగతి. ఇంట్లో దేవుళ్ళ దగ్గర ఇనుప దీపం ఉండేది. కిటికీ దగ్గర అలికిడైతే వెళ్ళి చూశాడు, దీపం లేదు. రేపు మట్టిది తెచ్చుకుందాంలే అనుకున్నాడు. ఆ దొంగ దీపానికి కట్టిన ఖరీదు ఏమిటంటే దొంగ అయిపోవడం అంటాడు ఇంకో చోట. మెకానిక్కు మీద నా కోపం ఈ మాటతోనే చల్లారింది, అదీ చాలా నెలలకి.

రెండోది కోరిక గురించి. పిల్లాడు సన్నమూతి జాడీలో చెయ్యి పెట్టి అంజీరు పళ్ళు, గింజలు గుప్పెడు పట్టుకుంటాడు. చెయ్యి బయటికి రాదు, ఏడుపు మొదలెడతాడు. కొన్ని వదిలెయ్యి, వచ్చేస్తుంది అంటాడు ఎపిక్టెటస్. సంక్రాంతికి జంతికల డబ్బా దగ్గర మన పిల్లలు చేసే పని అదే. ఒక పంట బాగా వచ్చిందని ఇంకో మూడు చెరువులు లీజుకి పట్టేసి, అప్పు తెచ్చి, తర్వాత ఏ చెరువునీ సరిగ్గా చూసుకోలేక అల్లాడే పెద్దవాళ్ళు చేసేదీ అదే.

మూడోది పిలుపు సంగతి. ఫలానా వాళ్ళు విందుకి పిలవలేదని బాధపడుతున్నావు. అంగట్లో ఆకుకూర ఒక ఒబోల్ అనుకో. పక్కవాడు నాణెం ఇచ్చి కూర పట్టుకెళ్ళాడు. నీ దగ్గర కూర లేదు, కానీ నాణెం ఉంది కదా. విందుకి ఖరీదు ఆ ఇంటాయన్ని పొగడడం, ఆయన గుమ్మం చుట్టూ తిరగడం. అది నువ్వు ఇవ్వలేదు, నీ దగ్గరే మిగిలింది. మర్యాదలకి పేరుపడ్డ గోదారి జిల్లాల్లో "మాకు బొట్టుపెట్టి పిలవలేదు, వాట్సాప్‌లో కార్డు పడేశారు" అని రెండు కుటుంబాలు మాట్లాడుకోకుండా ఉండటం నాకు తెలుసు. వాళ్ళకి ఈ భాగం చదివి వినిపించాలని ఉంది. వింటారని నమ్మకం లేదు.

ఇంకో రకం వాళ్ళకి కూడా ఎపిక్టెటస్సే సరిపోతాడు. తమ రోజు తమ చేతిలో లేనివాళ్ళు. కోనసీమ నుంచి గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు ఎంతమందో. మా వీధిలో ఒకావిడ కువైట్‌లో పదకొండేళ్ళు చేసి వచ్చింది. "ఒళ్ళు వాళ్ళదిరా, ఆలోచన నాది అనుకునేదాన్ని, లేకపోతే పిచ్చెక్కేది" అంటుంది. ఎపిక్టెటస్ పేరు కూడా ఆవిడ విని ఉండదు.

ఈయనతో ఒక జాగ్రత్త ఉంది. చేతిపుస్తకంలో మూడో భాగంలో కుండతో మొదలుపెట్టి, కుండని ఇష్టపడితే 'నేను కుండని ఇష్టపడుతున్నాను' అనుకో, పగిలితే బాధ ఉండదు అంటాడు. అక్కడిదాకా బానే ఉంది. వెంటనే బిడ్డని ముద్దుపెట్టుకునేటప్పుడు కూడా మనిషిని ముద్దాడుతున్నానని గుర్తుంచుకో, పోతే కలత పడవు అంటాడు. ఇది చావు జరిగిన ఇంటికి పట్టుకెళ్ళే మాట కాదు. ఆయనే పదహారో భాగంలో ఏడుస్తున్నవాడి పక్కన కూర్చుని ఓదార్చు, అవసరమైతే వాడితో పాటు మూలుగు కూడా, లోపల మాత్రం మునిగిపోకు అన్నాడు. ఈ రెండో మాట చాలామంది చదవకుండా వదిలేస్తారు.

ముందుగానే భయపడేవాళ్ళకి, ఉన్నవాళ్ళకి సెనెకా

బావకి నేను చెప్పాల్సిన పేరు నిజానికి ఇదే. అతని చెరువు అప్పటికింకా పోలేదు. రేటు పడిపోతుందేమో, రొయ్యలకి వైట్ స్పాట్ తెగులు వస్తుందేమో, అప్పు తీరదేమో అన్నదే అతని జబ్బు. సెనెకా పదమూడో ఉత్తరంలో ఇలాంటివాళ్ళకే రాశాడు: మనల్ని భయపెట్టేవి మనల్ని దెబ్బతీసే వాటికంటే ఎక్కువ, జరిగినదానికంటే ఊహించుకున్నదానితోనే ఎక్కువ బాధపడతాం అని.

సెనెకా స్పెయిన్‌లోని కార్డోబాలో పుట్టాడు. క్రీ.శ. 41లో కోర్సికా దీవికి ప్రవాసం పంపారు, ఎనిమిదేళ్ళు అక్కడే. వెనక్కి పిలిపించి కుర్ర నీరోకి గురువుని చేశారు. తర్వాత విపరీతంగా సంపాదించాడు. నాలుగేళ్ళలో మూడు వందల మిలియన్ల సెస్టర్స్‌లు ఏ తత్వశాస్త్రంతో కూడబెట్టాడని ఒక శత్రువు దుమ్మెత్తిపోశాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. 65లో అదే శిష్యుడి ఆజ్ఞతో ప్రాణం తీసుకున్నాడు. చివరి ఏళ్ళలో లూసీలియస్ అనే స్నేహితుడికి రాసిన ఉత్తరాలు నూట ఇరవై నాలుగు మనకి మిగిలాయి.

"ఇంత డబ్బున్నవాడు తృప్తి గురించి చెప్పడమేంటండీ" అని ఎవరైనా అడుగుతారు. నేనూ అడిగాను. కానీ డబ్బు లేనివాడు డబ్బు వద్దంటే నమ్మడం కష్టం. ఇతను కనీసం తన వాంతులూ ఉబ్బసమూ దాచుకోకుండా చెబుతాడు. ఎనభై ఏడో ఉత్తరం చూడండి. ఒక స్నేహితుడితో కలిసి రెండు రోజులు నాటు బండిలో ప్రయాణం. పరుపు నేల మీద, తిండికి అంజీరు పళ్ళు. హాయిగా ఉంది అంటాడు. కానీ దారిలో ఎవరైనా దర్జాగా ఎదురొస్తే ఆ బండి నాదే అని ఒప్పుకోవడానికి సిగ్గేస్తోంది, అంటే నాకింకా ఏమీ ఒంటబట్టలేదన్నమాట అని ఒప్పుకుంటాడు. ఫంక్షన్ హాలు ముందు కార్ల మధ్యలో పాత స్కూటర్ ఆపి, తాళం జేబులో వేసుకుని, నడిచొచ్చినట్టు లోపలికి వెళ్ళినవాణ్ణి నేను. ఈ ఉత్తరం చదివాక ఆయన కోట్ల సంగతి క్షమించేశాను.

ఆయన చెప్పిన అభ్యాసాల్లో మనకి సులువుగా కుదిరేది పద్దెనిమిదో ఉత్తరంలో ఉంది. రోమ్‌లో అందరూ పండగ హడావుడిలో ఉన్న డిసెంబరు నెలలో రాశాడు. కొన్ని రోజులు పెట్టుకుని, చౌక తిండి తిని, ముతక బట్ట కట్టి, 'నేను భయపడ్డది దీనికా' అని నిన్ను నువ్వు అడుక్కో అంటాడు. ఒక పూట ఉపవాసం లాంటిది కాదిది. మన ఏకాదశికి పుణ్యం లెక్క ఉంటుంది, పైగా సాయంత్రం ఉప్మా, పళ్ళు, పాలు ఉంటాయి. ఇక్కడ లెక్కంతా భయానిది. నిజంగా చెరువు పోతే బతుకు ఎంతదాకా దిగుతుందో మూడు నాలుగు రోజులు దిగి చూసి రావడం.

తొంభై ఒకటో ఉత్తరం మాత్రం కోనసీమ వాళ్ళు ఒకసారి చదవాలి. లుగ్డునమ్ అనే పెద్ద ఊరు, ఇప్పటి లియోన్, ఒక్క రాత్రిలో కాలిపోయింది. గొప్ప ఊరికీ అసలు ఊరే లేకపోవడానికీ మధ్య ఒక్క రాత్రి అంటాడు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమని ఊడ్చేసిన తుఫాను తెలిసినవాళ్ళకి ఈ వాక్యం అర్థం చెప్పక్కర్లేదు. సాయంత్రం కొబ్బరి తోట, తెల్లారేసరికి ఒకే దిక్కుకి పడుకున్న మొద్దులు. ఇలాంటివి జరుగుతాయని ముందే మనసులో తిప్పి చూసుకో, అప్పుడు కొత్తదనం దెబ్బ తగ్గుతుంది అన్నది సెనెకా సలహా. మన పెద్దాళ్ళు "అలాంటి మాటలు అనకు, తథాస్తు దేవతలుంటారు" అంటారు కాబట్టి ఈ అభ్యాసం నోరు మూసుకుని చెయ్యడం మంచిది.

అయితే మొదటి నుంచీ కంగారు మనిషైతే, రాత్రిళ్ళు గుండె దడతో లేచేవాడైతే, ఈ ముందే ఊహించుకునే పద్ధతి పెట్టుకోవద్దు. నిప్పులో నెయ్యి పోసినట్టవుతుంది. వాళ్ళు పదమూడో ఉత్తరం దగ్గరే ఆగిపోవచ్చు. అవసరమైతే డాక్టర్ని కలవాలి. తత్వశాస్త్రం నిద్రమాత్ర కాదు.

పదిమందిని మోసేవాళ్ళకి మార్కస్

మార్కస్ ఆరీలియస్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఈ ముగ్గురిలో అందరూ ముందు కొనేది ఈయన్నే, సగంలో వదిలేసేదీ ఈయన్నే. 161 నుంచి 180 దాకా రోమ్ చక్రవర్తి. మహమ్మారి, డాన్యూబ్ సరిహద్దులో ఏళ్ళ తరబడి యుద్ధాలు, కన్న పిల్లల్లో చాలామంది చిన్నతనంలోనే పోవడం. ఆ శిబిరాల్లో తన కోసం గ్రీకులో రాసుకున్న నోట్సు మనకి మెడిటేషన్స్ పేరుతో దొరుకుతోంది. మొత్తం పన్నెండు భాగాలు. ఎవరికీ చూపించడానికి రాసింది కాదు కాబట్టి చెప్పిందే చెబుతాడు. మొదటి భాగమంతా ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాడో ఆ పేర్ల పట్టీ. తెలియనివాడికి విసుగే.

సర్పంచికి, హెడ్మాస్టరుకి, ఉమ్మడి కుటుంబాన్ని లాక్కొచ్చే పెద్దకోడలికి ఈయన బాగుంటాడు. పొద్దున్నే లేచి, ఈ రోజు నాకు అడ్డంగా మాట్లాడేవాళ్ళు, కృతఘ్నులు, అసూయపరులు తగులుతారు, వాళ్ళూ నా చుట్టాలే అనుకో అంటాడు రెండో భాగం మొదట్లో. పంచాయతీ ఆఫీసుకి వెళ్ళేముందు చదువుకోవాల్సిన మాట.

కోరిక విషయంలో మాత్రం ఈయన దగ్గర ఒక పదునైన కత్తి ఉంది. ఆరో భాగంలో, విందులో ముందున్న వంటకాన్ని చూసి 'ఇది చచ్చిన చేప, ఇది చచ్చిన పక్షి, ఈ ఖరీదైన సారా ద్రాక్షరసం, నా రాజవస్త్రం గొర్రె బొచ్చుకి గుల్లపురుగు రక్తం పూసింది' అనుకుంటాడు. ఆశ చుట్టూ అల్లుకున్న కథ తీసేసి వస్తువుని వస్తువుగా చూడటం. దీన్ని నేను పులస మీద ప్రయోగించి చూశాను. ఎర్రనీరు దిగే రోజుల్లో సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వస్తుంది, పుస్తెలమ్మైనా తినాలని సామెత, ఒక్క చేప పది పదిహేను వేలు పలికిన రోజులున్నాయి. రేవులో నిలబడి 'చచ్చిన చేప, చచ్చిన చేప' అని మూడుసార్లు అనుకున్నాను. పాట పాడిన రేటు విన్నాక వెనక్కి రావడం సులువైంది. కానీ మట్టికుండలో బెండకాయలేసి పెట్టిన ఆ పులుసు మర్నాడు చుట్టాలింట్లో వడ్డించినప్పుడు ఈ మంత్రం పనిచెయ్యలేదు, పనిచెయ్యాలని నేనూ గట్టిగా కోరుకోలేదు. స్టోయిక్కుల లెక్కలో అదేం తప్పూ కాదు. దొరికితే తిను, దొరక్కపోతే ఏడవకు అన్నదే వాళ్ళ పద్ధతి.

మనకి గీత ఉండగా వీళ్ళెందుకు?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. పని మీదే నీకు అధికారం, ఫలం మీద లేదు అన్న గీత మాటకీ, బాణం సరిగ్గా వెయ్యడం విలుకాడి పని, తగలడం తగలకపోవడం ఆ తర్వాతి సంగతి అన్న స్టోయిక్కుల పోలికకీ పెద్ద దూరం లేదు. తృప్తి గురించైతే పోతన వామనుడు బలితో అన్నదానికంటే బాగా ఎవరూ చెప్పలేదు: వచ్చిన కొంచెమే పదివేలనుకోని వాడు ఏడు దీవులిచ్చినా బాగుపడడు అని. (అలా అన్నవాడే మూడడుగులతో మూడు లోకాలూ పట్టుకెళ్ళాడు, అది వేరే కథ.) మా నాయనమ్మ "రేపొస్తా" అని ఎప్పుడూ అనేది కాదు, "దేవుడి దయ ఉంటే రేపొస్తా" అనేది. సెనెకా కూడా ఏదీ అడ్డురాకపోతే ప్రయాణమవుతాను అనుకోమంటాడు.

రోజూ పూజ చేసుకుని, గీత పారాయణ నిజంగా పనికొస్తున్నవాళ్ళు ఇటు రావాల్సిన అవసరం ఏమీ లేదు. వాళ్ళకి భారం దించుకోవడానికి దేవుడున్నాడు. ఆ దించుకోవడం స్టోయిక్కుల దగ్గర అంత మెత్తగా ఉండదు. కానీ చాలామంది విషయంలో గీత ఎలా అయిపోయిందంటే, మైకులో వినపడితే "ఎవరు పోయార్రా?" అని అడుగుతున్నాం. అలాంటివాళ్ళకి పరాయి గొంతులో అదే మాట కొత్తగా వినపడుతుంది. నాకు అలాగే జరిగింది. ఎపిక్టెటస్ చదివాకే గీత రెండో అధ్యాయం మళ్ళీ తెరిచాను.

ఎపిక్యూరస్‌ని కూడా ఈ వరసలో అడుగుతారు. సుఖమే మంచి అన్నవాడే గానీ, ఆయన సుఖం రొట్టె, నీళ్ళు, స్నేహితులు, తోట. ఊరి రాజకీయాలకి దూరంగా ఉండమన్నాడు. స్టోయిక్కులు అలా అనరు, పదిమంది పనిలో దిగమంటారు. రిటైరై, పిల్లలు అమెరికాలో స్థిరపడి, రాజోలు వైపు కొబ్బరి చెట్ల కింద ఇల్లున్నవాళ్ళకి ఎపిక్యూరస్ నప్పుతాడు. పనిలో పీకల్లోతు ఉన్నవాళ్ళకి నప్పడు.

ఇక్కడ నాకు నచ్చని ఒక వాడకం గురించి చెప్పాలి. తృప్తి అనే మాటని పైవాడు కిందివాడికి చెప్పడం. సార్వాకి (తొలకరి వరి పంటకి) కౌలు కింద మక్తా బస్తాలు ముందే కొలిపించుకుని, తుఫానుకి చేను పడుకుంటే "ఏం చేస్తాం, ఉన్నదాంతో సరిపెట్టుకోవాలి" అని కౌలురైతుకి చెప్పే ఆసామిని చూశాను. 2011 సార్వాలో కోనసీమ రైతులు గిట్టుబాటు కావట్లేదని నాట్లెయ్యకుండా పంట విరామం ప్రకటించినప్పుడు కూడా కొందరు "ఆశ ఎక్కువైంది" అన్నారు. ధాన్యం ధర రైతు వశంలో లేదు, నాటు వెయ్యాలా మానాలా అన్నది అతని వశంలో ఉంది. ఆ లెక్కన ఎపిక్టెటస్ గీసిన గీతకి ఏ వైపు ఉన్నారో ఆ రైతులకే బాగా తెలుసు. ఎదుటివాడి కష్టానికి స్టోయిక్ మాట వాడుతున్నవాణ్ణి చూస్తే నాకు అనుమానమే.

ఏ పుస్తకం కొనాలి

ఇంగ్లీషులో చదవగలిగితే చాలు. మార్కస్‌కి 1862 నాటి జార్జ్ లాంగ్ అనువాదం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది గానీ పాత భాష, నత్త నడక. 2002లో వచ్చిన గ్రెగరీ హేస్ అనువాదం మామూలు మాటల్లో ఉంటుంది, డబ్బులు పెట్టినా దానికే పెట్టండి. సెనెకాకి ఎంపిక చేసిన ఉత్తరాలు రాబిన్ క్యాంప్‌బెల్ అనువాదంలో పెంగ్విన్ వాళ్ళు 1969లో వేశారు, మొదటిసారికి అది చాలు. నూట ఇరవై నాలుగూ కావాలంటే గమ్మెరె చేసిన పాత అనువాదం ఉచితం. ఎపిక్టెటస్‌కి చేతిపుస్తకం ఏ అనువాదమైనా ఫరవాలేదు, చిన్నది కాబట్టి రెండు పక్కపక్కన పెట్టుకుని చదవొచ్చు. ఆయన రచనలన్నిటినీ మొదటిసారి ఇంగ్లీషులోకి తెచ్చింది 1758లో ఎలిజబెత్ కార్టర్ అనే ఆవిడ. ఇప్పటికీ చదవబుద్ధేస్తుంది.

ఫోన్లో తిరిగే ఒక లైను కొటేషన్లతో మాత్రం మొదలెట్టొద్దు. వాటిలో సగం ఈ ముగ్గురూ అనని మాటలే. అన్నవి కూడా ముందూ వెనకా లేకుండా చూస్తే తలరాత లాగే కనపడతాయి.

బావ సంగతికొస్తే, నేను వారం తర్వాత ఫోన్ చేసి సెనెకా పేరు చెప్పాను, పదమూడు, పద్దెనిమిది ఉత్తరాలు చాలన్నాను. పంట నలభై కౌంటుకి ఆపుదామనుకున్నవాడు అరవైకే పట్టించేశాడు. సెనెకా చెప్పినందుకు కాదు, ఫీడు అప్పు పెరుగుతోందని. కానీ పద్దెనిమిదో ఉత్తరం మాత్రం పట్టుకున్నాడు. నాలుగు రోజులు బిర్యానీ, బయట టిఫిన్లు మానేసి పొద్దున చద్దన్నం, రాత్రి మజ్జిగన్నం. మూడో రోజు పొద్దున్నే ఫోన్.

"బాగానే ఉంది బావా, భయపడ్డంత లేదు. ఒక్క డౌటు. చద్దన్నంలో ఆవకాయ వేసుకోవచ్చా? మీ సెనెకా ఏమన్నాడు?"

"ముతక రొట్టె గురించి రాశాడు బావా. ఆవకాయ ప్రస్తావన లేదు."

"అయితే వేసుకుంటున్నా" అని పెట్టేశాడు.